పాత నాటకాల హాల్లో టీవీ చెఫ్ లైవ్ వంట షో: ఎలా ఏర్పాటు చేయాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు సంఘాల వాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. "ప్రతి ఏడాదీ అవే పాటలు, అవే సన్మానాలు. ఈసారి టీవీలో వంటలు చేసే ఆవిడను పిలిచి మన పాత నాటకాల హాల్లో, స్టేజీ మీదే వండిద్దామనుకుంటున్నాం. ఏమేం కావాలి?" అడిగేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది మెనూతో మొదలుపెడతారు. పనసపొట్టు కూరా, గుత్తివంకాయా అని.

మెనూ ఆఖరి పని. మొదటి పని హాల్లోకి వెళ్లి చిట్టచివరి వరసలో కూర్చోవడం. అక్కణ్ణుంచి మూకుట్లో ఏం జరుగుతోందో కనబడాలి, ఆవాలు చిటపటలాడటం వినబడాలి. ఆ తర్వాత హాలు కరెంటు ఎంత లోడు మోస్తుందో తెలియాలి. ఈ రెండూ తేలితే ఏ వంటలు పెట్టుకోవచ్చో వాటంతట అవే తేలతాయి.

అమెరికాలో ఆల్టన్ బ్రౌన్ అనే టీవీ వంటాయన 2013 నుంచి థియేటర్లు తిరుగుతూ ఇలాంటి షోలు చేశాడు. మంటలార్పే సిలిండర్‌లో ఉండే కార్బన్ డయాక్సైడుతో స్టేజీ మీదే ఐస్‌క్రీమ్ చేయడం, ముందు వరసల వాళ్లకు ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు పంచడం అతని ముచ్చట్లు. ఆ వీడియోలు చూసి కమిటీ కుర్రాళ్లు ఉత్సాహపడతారు. పడనివ్వండి, కానీ ఒప్పుకోకండి. అలాంటి షోకి యంత్రాలూ మనుషులూ ప్రత్యేకంగా ఉంటారు. మన దగ్గర ఉండేది ఒక ఎలక్ట్రీషియన్, మైక్ సెట్ అబ్బాయి, పాత టేకు చెక్కల స్టేజీ.

కావలసినవి

ఇండక్షన్ స్టవ్‌లు 2, స్పేర్‌గా ఇంకొకటి. గట్టి బల్ల, 34 నుంచి 36 అంగుళాల ఎత్తు. స్టేజీ చెక్కల మీద పరచడానికి జారని రబ్బరు మ్యాట్. పైనుంచి చూపించే కెమెరా లేదా మంచి ఫోను, దాన్ని పట్టి ఉంచే స్టాండు, పొడవైన హెచ్‌డీఎంఐ కేబుల్, ప్రొజెక్టర్. చెఫ్‌కి కాలర్ మైక్, బల్ల దగ్గర ఇంకో మైక్. జనరేటర్. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు 3, చేతులు కడుక్కోవడానికి ఒక బకెట్టు, ఎంగిలి నీళ్లకు ఇంకొకటి. మసిగుడ్డలు మీరు అనుకున్నదానికి రెట్టింపు. ఫైర్ బ్లాంకెట్, మంటలార్పే సిలిండర్లు. సరిపడే మూత ఉన్న మూకుడు. ఈ మూత సంగతి మళ్లీ వస్తుంది.

ఇక చేయవలసిన పనులు, వరసగా.

1. తేదీ కుదుర్చుకోండి

అక్టోబరు వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. చెఫ్‌కి అడ్వాన్సు ఇచ్చి, పోస్టర్లు వేసి, వాతావరణ శాఖ బులెటిన్లు చూస్తూ కూర్చోవడం ఎందుకు? మార్గశిరంలో గురువారాలు ఒడియా ఇళ్లలో లక్ష్మీ పూజ, ఆడవాళ్లెవరూ ఇల్లు కదలరు. ప్రేక్షకుల్లో సగం వాళ్లే. కార్తీక సోమవారాలు మనవాళ్లకు ఉపవాసం. సంక్రాంతి వెళ్లాక జనవరి నెలాఖరు అన్నిటికంటే మంచిది. ఫిబ్రవరి, మార్చిలో పిల్లల పరీక్షల టెన్షన్ మొదలవుతుంది. ఉగాదికే చేయాలని పట్టుబడితే ఎండ, ఉక్క లెక్కలో వేసుకోండి.

సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించండి. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చేవాళ్లు తిరిగి వెళ్లాలి.

2. హాలు వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇవి అడగండి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం, జయపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ కాలపు నాటకాల హాళ్లు ఎక్కడైనా మిగిలి ఉన్నా వాటిని కట్టింది పద్యాల కోసం, పొయ్యి కోసం కాదు. అందుకే నోటిమాట కాకుండా కాగితం మీద తీసుకోండి: స్టేజీ మీద వంట చేయవచ్చా, మాంసాహారం ఒప్పుకుంటారా (గుడికి సంబంధించిన ట్రస్టు హాలైతే గుడ్డు కూడా వద్దంటారు), స్టేజీకి మేకులు కొట్టవచ్చా, టేపు అంటించవచ్చా, ఏదైనా పాడైతే డిపాజిట్‌లో ఎంత పట్టుకుంటారు.

అలాగే స్టేజీ కిందకు దిగి చూడండి. చెక్కల కింద దూలాలు ఎక్కడున్నాయో సుద్దముక్కతో పైన గుర్తు పెట్టండి. రుబ్బురోలు లాంటి బరువైనవి ఆ గుర్తుల మీదే ఉండాలి.

అగ్నిమాపక కేంద్రానికి, పోలీస్ స్టేషన్‌కి ముందుగా ఉత్తరం ఇవ్వండి. ఫైర్ వాళ్లను ఒకసారి హాలుకి వచ్చి చూడమని అడగండి. అడిగితే వస్తారు. అడగడానికే మనవాళ్లు మొహమాటపడతారు.

3. కరెంటు లెక్క వేయండి

ఎక్కువ షోలు చెడేది ఇక్కడే. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఒక ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు. రెండైతే 4000. మిక్సీ 750. చిన్న ఓవెన్ 1600. నీళ్లు కాచే కెటిల్ 1500. మొత్తం 7850 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 34 ఆంపియర్లు. స్టేజీ పక్కన ఉండే పాత ప్లగ్ పాయింట్ ఫ్యాను కోసమో హార్మోనియం పక్కన దీపం కోసమో పెట్టింది. అది ఒక్క ఇండక్షన్‌ని కూడా మోయదు.

చేయవలసింది ఇది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత మెయిన్ బోర్డు నుంచి స్టేజీకి విడిగా లైన్ లాగించండి. ఒక్కో స్టవ్‌కి ఒక 16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్), వైరు 4 స్క్వేర్ ఎం.ఎం. ఉండాలి. ఎర్తింగ్ తప్పనిసరి, ఎందుకంటే స్టేజీ మీద నీళ్లు ఒలుకుతాయి. మూడు ఫేజులుంటే పొయ్యిలు ఒకదాని మీద, లైట్లు ఒకదాని మీద, సౌండ్ ఒకదాని మీద పెట్టించండి. పొయ్యి, మైక్ సెట్ ఒకే లైను మీద ఉంటే స్పీకర్లలో "గుయ్" మని మోత వస్తుంది, ఆ తర్వాత ఎవరెన్ని నాబ్‌లు తిప్పినా పోదు. మైక్ కేబుల్‌ని కరెంటు వైరు పక్కనే పరచకండి. దాటించక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

హెచ్చరిక: చుట్ట చుట్టి ఉండే ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడితే వైరు మొత్తం విప్పేయండి. చుట్ట మీదే ఉంచి 2000 వాట్లు లాగితే లోపల వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది.

హాలు కరెంటు మీద నమ్మకం లేకపోతే పొయ్యిలన్నీ జనరేటర్ మీదే నడపండి. 15 కేవీఏ జనరేటర్ దాదాపు 12 కిలోవాట్లు ఇస్తుంది, పై లెక్కకు చాలు. దాన్ని తలుపుల దగ్గర, కిటికీల కింద పెట్టనివ్వకండి. పొగ లోపలికొస్తుంది.

ఎలా చెక్ చేయాలి: షోకి ముందురోజు అన్నీ ఒకేసారి ఆన్ చేసి అరగంట వదిలేయండి. తర్వాత స్విచ్‌లు ఆపి ప్లగ్గుల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. పట్టుకోలేనంత వేడిగా ఉన్న పాయింట్‌ని మార్పించండి.

4. గ్యాస్ వద్దని గట్టిగా చెప్పండి

చాలామంది చెఫ్‌లు మంట కావాలంటారు. స్టేజీ మీద మంట అందంగా ఉంటుంది, నిజమే. కానీ వంట గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, కిందికి దిగుతుంది. చెక్కల సందుల్లోంచి స్టేజీ కింద ఖాళీలోకి చేరి అక్కడే కూర్చుంటుంది, పైన నిలబడ్డవాళ్లకు వాసన కూడా సరిగా తెలియదు. పైగా ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్‌ని ఇలాంటి కార్యక్రమాలకు వాడటం నిబంధనలకు విరుద్ధం.

ఇండక్షన్‌తో వచ్చే చిక్కల్లా గిన్నెలే. ఇత్తడి, రాగి, సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలు మామూలు ఇండక్షన్ మీద వేడెక్కవు. చెఫ్ ఊరి నుంచి ముచ్చటగా ఇత్తడి బిందె, రాగి మూకుడు తెస్తే అవి అలంకారానికే. గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుని, అడుగు చదునుగా ఉంటే పనికొస్తుంది. గుండ్రటి అడుగున్న ఇనప మూకుడుకి అయస్కాంతం అంటుకుంటుంది కానీ చదును పలక మీద అది నిలవదు.

మంటే కావాలని చెఫ్ పట్టుబడితే ఒక దారి ఉంది. ఆ ఒక్క వంటకాన్ని హాలు వెనక ఆరుబయట వండించి, కెమెరాతో లోపల తెర మీద చూపించండి. కట్టెల పొయ్యి మీద కూడా చేయించవచ్చు. జనం దాన్నే ఎక్కువ ఇష్టపడతారు.

5. వెనక వరసకు కనబడేలా చేయండి

పాత హాళ్లలో నేల చదునుగా ఉంటుంది, స్టేజీ మూడు నాలుగు అడుగుల ఎత్తు. అంటే మొదటి వరస వాళ్లకు బల్ల అంచు, చెఫ్ గడ్డం కనబడతాయి. డబ్బెక్కువ పెట్టి ముందు కూర్చున్నవాళ్లకే ఏమీ కనబడదు! మూకుట్లోకి చూడాలంటే పైనుంచే చూడాలి.

చిన్న హాలు అయితే బల్ల పైన 45 డిగ్రీల వాలులో పెద్ద అద్దం వేలాడదీయడం పాత పద్ధతి. చవక, కరెంటు పోయినా పనిచేస్తుంది. గాజు అద్దం కాకుండా యాక్రిలిక్ అద్దం వాడండి, రెండు తాళ్లు కాదు నాలుగు కట్టండి.

పెద్ద హాలుకి కెమెరా, తెర కావాలి. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మంచి ఫోను చాలు, కానీ ఈ విషయాలు చూసుకోండి:

ఫోనుని మూకుడికి నేరుగా పైన పెడితే ఆవిరి పట్టి రెండు నిమిషాల్లో తెరంతా మంచు కమ్మినట్టవుతుంది. కాస్త పక్కకు జరిపి వాలుగా పెట్టండి. చెఫ్ వైపు నుంచి పెట్టండి. అప్పుడు చేతులు తెర కింది నుంచి పైకి వస్తాయి, ఇంట్లో మన చేతుల్ని మనం చూసుకున్నట్టే ఉంటుంది.

వైఫై మీద పంపకండి, కేబుల్ వాడండి. వైఫై మీద తెర అరక్షణం, క్షణం వెనకబడుతుంది. చెఫ్ "ఇప్పుడు వేస్తున్నా" అన్నాక ఆవాలు తెర మీద పడితే నవ్వులే. బల్ల మీద ఒకసారి చప్పట్లు కొట్టి తెర చూడండి, ఆలస్యం తెలిసిపోతుంది.

ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేదంటే ఎవరి బ్యాంకు మెసేజో హాలంతా చదువుతుంది.

తెర మీద పప్పుల ప్యాకెట్ పెట్టి అక్షరాలు చదవండి. తిరగబడి కనబడితే సెల్ఫీ కెమెరా ఆన్ చేశారన్నమాట.

ప్రొజెక్టర్ వెలుగు 5000 ల్యూమెన్లకు తగ్గితే స్టేజీ లైట్ల ముందు వెలవెలబోతుంది. అంతది దొరక్కపోతే బల్ల మీద లైటు ఉంచి, తెర మీద పడే లైట్లు ఆర్పేయండి. సప్లయర్స్ దగ్గర ఎల్‌ఈడీ వాల్ దొరుకుతుంది కానీ దాన్ని పాత దూలాలకు వేలాడదీయనివ్వకండి, నేల మీద నిలబెట్టించండి.

6. వినబడటం, వాసన

కాలర్ మైక్ ఏప్రన్ లోపల పెడితే గుడ్డ రాసుకుని గరగరలాడుతుంది. ఏప్రన్ పైన, మెడకు జానెడు కింద పెట్టండి. రెండో మైక్ పొయ్యికి దగ్గరగా, ఆవిరికి దూరంగా ఉండాలి. పోపు చిటపట వినబడితేనే ఇది టీవీలో దొరకని అనుభవం. మిక్సీ తిప్పేటప్పుడు ఆ మైక్ ఆపేయమని సౌండ్ అబ్బాయికి ముందే చెప్పండి.

చెఫ్ వెనక ఒక టేబుల్ ఫ్యాను తక్కువ స్పీడులో పెడితే వాసన జనం మీదకు వెళ్తుంది. నెయ్యి, కరివేపాకు, ఇంగువ అద్భుతం. గాలి పొయ్యికి నేరుగా తగలకుండా చూడండి. ఎండుమిరపకాయల పోపు మాత్రం ఫ్యాను ఆపి, వేడి తగ్గించి వేయాలి. మూసిన హాల్లో మిరప ఘాటు లేస్తే మూడు వరసలు దగ్గుతూ బయటికి పోతాయి.

వ్యాఖ్యాత తెలుగు, ఒడియా రెండూ తడబడకుండా మాట్లాడేవారై ఉండాలి. దినుసుల పేర్లు రెండు లిపుల్లో తెర మీద వేయండి. ప్రతి మాటా రెండుసార్లు చెప్పించకండి, రెండు గంటల షో కాస్తా నాలుగు గంటలవుతుంది.

7. వంటకాలు ఎంచుకోండి

మూడు చాలు. కళ్ల ముందు రూపం మారేవి ఎంచుకోండి: పూరీ పొంగడం, పెసరట్టు తిరగేయడం, బొబ్బట్టు వత్తడం, పోపు పడగానే దాల్మా (ఒడియా వాళ్ల కూరగాయల పప్పు) రంగు మారడం. ఒడియా వాళ్ల పంచఫుటణ (ఐదు దినుసుల) పోపు పక్కనే మన ఆవ పెట్టిన పనసపొట్టు కూర పెడితే రెండు వంటిళ్లూ ఒకే బల్ల మీదకు వస్తాయి. ఈ ప్రాంతంలో నాకు అన్నిటికంటే నచ్చే జోడీ అదే. బరంపురం అప్పడాలు వేయించి పక్కన పెట్టండి, ఎవరూ కాదనరు.

ఉడుకుతూ కూర్చునేవి వద్దు. దమ్ బిర్యానీ మూత చూస్తూ నలభై నిమిషాలు ఎవరు కూర్చుంటారు?

ప్రతి వంటకాన్నీ మూడు దశల్లో సిద్ధం చేసుకోండి: తరిగిన పచ్చిది, సగం ఉడికింది, పూర్తయింది. టీవీలో చేసేదీ ఇదే. గంటకు పైగా కాలాల్సిన ఛెనాపోడొ (ఒడియా వాళ్ల కాల్చిన పాలవిరుగుడు మిఠాయి) అయినా ఇలాగైతే పన్నెండు నిమిషాల్లో చూపించవచ్చు: కలపడం స్టేజీ మీద, కాలింది పక్క నుంచి. గిన్నెలకు నంబర్లు అంటించి, ఏది ఎప్పుడు లోపలికి రావాలో ఒకే మనిషికి అప్పగించండి. ఇద్దరికి అప్పగిస్తే ఇద్దరూ తేరు.

8. నిప్పు జాగ్రత్తలు

నూనె మూకుడు అంటుకుంటే నీళ్లు పోయకూడదు. స్విచ్ ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా తెరవకూడదు. అందుకే ఆ మూత చెఫ్ చేతికందే దూరంలో ఉండాలి, గ్రీన్ రూమ్‌లో కాదు. మూత కుదరకపోతే ఫైర్ బ్లాంకెట్. వంట నూనె మంటకు వెట్ కెమికల్ సిలిండర్, కరెంటు మంటకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పక్కన పెట్టుకోండి. వాడటం తెలిసిన మనిషి స్టేజీ పక్కన వింగ్‌లో నిలబడి ఉండాలి, ఫొటోలు తీస్తూ కాదు.

తెరలు, రంగులు వేసిన పాత పరదాలు పొయ్యికి కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి. వెనక పాత రాజదర్బారు పరదా ఉంటే ఎంత అందమైనదైనా చుట్టి పైకి కట్టేయించండి. బల్ల చుట్టూ సిల్కు గుడ్డ కుచ్చిళ్లు పెట్టే షామియానా వాళ్ల అలవాటు మాన్పించండి.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు మంటల్లో 59 మంది చనిపోయారు. అక్కడ అదనంగా వేసిన సీట్లు దారికి అడ్డమయ్యాయి. టికెట్లు ఎక్కువ అమ్ముడయ్యాయని నడవలో ప్లాస్టిక్ కుర్చీలు వేయడం మన దగ్గర మామూలే. వేయనివ్వకండి. అధ్యక్షుల వారి బంధువులొచ్చినా సరే. తలుపుల తాళాలన్నీ తీసి, గొలుసులు కూడా విప్పేసి, ఒక్కోటీ తోసి చూడండి.

9. రుచి చూపించడం

స్టేజీ మీద వండింది పదిమందికే వస్తుంది. మిగతా వాళ్లకు అదే వంటకం లైసెన్సున్న కేటరర్ చేత హాలు బయట చేయించండి. మనిషికి 60 గ్రాములు అనుకుంటే 400 మందికి 24 కిలోలు. పదోవంతు ఎక్కువ వేసుకోండి. వేడిగా పెట్టేది 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. గుచ్చి చూసే థర్మామీటర్ పెద్ద ఖరీదేం కాదు. వేడి మీద లేకుండా రెండు గంటలు దాటింది ఎవరికీ పెట్టకండి.

అడ్డాకు దొన్నెలు చూడముచ్చటగా ఉంటాయి, గట్టి కూరకు భేష్. దాల్మా లాంటి జారుడు వంటకం పోస్తే కొన్ని కారతాయి. ఒక దొన్నెలో నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి చూశాకే ఆర్డరివ్వండి. వేరుశనగ, ఆవాలు, పాలు, జీడిపప్పు ఉన్న వంటకాల పేర్లు బల్ల ముందు రాసి పెట్టండి. షో మధ్యలో పంచకండి. అయిపోయాక వరండాలో పంచండి, సీట్ల మీద కూర ఒలకదు.

10. రిహార్సల్

చెఫ్ ముందురోజు సాయంత్రానికల్లా ఊళ్లో ఉండాలి. హైదరాబాద్ నుంచి విమానంలో భువనేశ్వర్ దిగినా అక్కణ్ణుంచి బరంపురం 170 కిలోమీటర్ల రోడ్డు. షో రోజే వస్తానంటే ఒప్పుకోకండి.

చెఫ్ లేకపోయినా వంట వచ్చిన ఎవరితోనైనా మొత్తం షో నడిపించండి, నిజం పొయ్యిలతో, నిజం నూనెతో. కమిటీ వాళ్లు ఒక్కొక్కరు హాలు ఒక్కో మూల కూర్చోవాలి. ఆఖరి వరసలో కూర్చున్న మనిషిని మూడే అడగండి: ఆవాలు ఎప్పుడు చిటపటలాడాయి? ఉల్లిపాయ రంగు ఎప్పుడు మారింది? ఉప్పు ఎన్ని చెంచాలు పడింది? మూడింటికీ జవాబు చెప్పగలిగితే కెమెరా, మైక్, లైటు సరిగా ఉన్నట్టే. చెప్పలేకపోతే పైన 5, 6 పనులు మళ్లీ చూడండి. ఖాళీ హాలు ప్రతిధ్వనిస్తుంది, జనం నిండాక తగ్గుతుంది. రిహార్సల్‌లో కాస్త మోత ఉందని స్పీకర్లన్నీ మార్చేయకండి.

ఒకసారి కావాలని మెయిన్ ఆపి చూడండి. జనరేటర్ అందుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఆ చీకట్లో వేడి నూనె దగ్గర ఎవరున్నారు, టార్చి ఎవరి చేతిలో ఉంది?

షో అయ్యాక

నూనె చల్లారేదాకా మూకుడు కదల్చకండి. జనం ఆటోగ్రాఫుల కోసం స్టేజీ ఎక్కే ముందే పొయ్యిల ప్లగ్గులు పీకేయండి. ఇండక్షన్ ఆపినా గాజు పలక కాసేపు కాలుతూనే ఉంటుంది, పిల్లలకు అది తెలియదు. నూనె పడ్డ చెక్కల మీద శనగపిండి చల్లి, పీల్చుకున్నాక ఊడ్చి, తడిగుడ్డతో తుడవండి. తెరలకు పోపు వాసన పట్టి ఉంటుంది, మర్నాడు తలుపులన్నీ తీసి ఫ్యాన్లు వేయించండి. ఎంగిలి దొన్నెలు ఆ రాత్రే బయటికి పంపండి, లేకపోతే ఎలుకలు గ్రీన్ రూమ్ దాకా వస్తాయి. తర్వాత హాలు మేనేజర్‌ని వెంటబెట్టుకుని స్టేజీ, ప్లగ్ పాయింట్లు, సీట్లు చూపించి, ముందే తీసి పెట్టుకున్న ఫొటోలతో పోల్చి, డిపాజిట్ అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి.